ఎడమ తలుపు మీద రెండు దెబ్బలు

దయ్యాల మాట వస్తే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పని నాది. నమూనా తేవడం, మెత్తగా నూరడం, కాల్చడం, తూచడం, వచ్చింది రాయడం. రానిది రాస్తే ఉద్యోగం ఉండదు. అదే అలవాటుతో ఇదీ రాస్తున్నాను. నేను దయ్యాన్ని చూశాననో, దాని గొంతు విన్నాననో చెప్పబోవడం లేదు. నిజానికి నా గొడవంతా అదే. నాకు ఏమీ వినిపించలేదు.

మాది మంచిర్యాల వైపు. పెళ్ళయ్యాక సరిహద్దు దాటి, మరాఠీ మాట్లాడే వైపున్న ఆవర్‌పూర్ సిమెంటు కాలనీకి వచ్చాను. మా ఆయన శ్రీను అదే ఫ్యాక్టరీలో షిఫ్టు ఇంజనీరు. ఆయన నాన్న, మా మామ పోశం, చిన్నప్పుడు లారీ క్లీనరుగా మొదలుపెట్టి, తర్వాత లాల్‌పేట్‌లో, పద్మాపూర్‌లో బొగ్గు గనుల బండ్లు నడిపి రిటైరయ్యారు. అత్తమ్మ నా పెళ్ళికి ముందే పోయింది. అందుకని మామ మా క్వార్టర్‌లోనే ఉండేవారు.

బతుకంతా స్టీరింగు పట్టుకున్న మనిషి ఇంట్లో టీవీ ముందు ఎంతసేపని కూర్చుంటారు? వచ్చిన కొత్తలోనే ఒక పాత చిన్న కారు కొన్నారు. ఎర్రగా ఉండేది, కాలనీలో అందరూ టమాట కారు అనేవారు. కొన్నారు గానీ మోకాళ్ళు అరిగిపోయి క్లచ్ తొక్కలేకపోయేవారు. కొడుకుతో నడిపిద్దామంటే శ్రీనుకు రెండు మలుపులు తిరిగేసరికి వాంతి. డ్రైవరు కడుపున పుట్టి ఇదేం కర్మరా అని మామ నవ్వేవారు. చివరికి తాళాలు నా చేతికి వచ్చాయి.

మా వైపు పెద్ద రోడ్లన్నీ లారీలవే. సిమెంటు లారీ వెనక బొగ్గు లారీ, దాని వెనక మళ్ళీ సిమెంటు లారీ. ఆ దుమ్ములో నడపడం నడపడం కాదు. కానీ గడ్‌చాందూర్ దాటాక జివతి గుట్టల వైపు లోపలికి పోయే ఒక సన్నటి తారు రోడ్డుంది. దాని పేరు చెప్పను. చెబితే మీరంతా వచ్చేస్తారు, ఇక అది ఖాళీ రోడ్డు ఎలా అవుతుంది? ఒక పక్క పత్తి, ఇంకో పక్క కంది, అక్కడక్కడ టేకు చెట్లు. ఆదివారం పొద్దున ఆ రోడ్డు మీద మేకలు కూడా ఆలస్యంగానే లేస్తాయి.

ఆ రోడ్డు మీదే మామ నాకు నడపడం నేర్పారు. స్కూల్లో నేర్పినట్టు కాదు. "బ్రేకు మలుపుల కాదు బిడ్డా, మలుపుకు ముంగట కొట్టాలె. మలుపుల రేసు ఇయ్యాలె" అనేవారు. ఇంజను అరుస్తుంటే "గేరు మార్చు, బండి ఏడుస్తుంది" అనేవారు. నెలలు పట్టింది నాకు. ఒక ఆదివారం ఉన్నట్టుండి చెయ్యీ కాలూ ఒక్కటయ్యాయి. మలుపుకు ముందు బ్రేకు, మూడు నుంచి రెండుకు గేరు, స్టీరింగు తిప్పుతూ కొద్దికొద్దిగా రేసు. కారు నేలకు అతుక్కుని తిరిగింది. టైర్ల కింద సన్నకంకర, నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమంది. ఒళ్ళంతా ఒక పక్కకు ఒరిగి మళ్ళీ నిటారయ్యేలోపు ఎదురుగా తిన్నటి రోడ్డు, దాని మీద ఎవరూ లేరు. గట్టిగా అరిచాను. మామ కూడా అరిచారు. పక్కన మామ కూర్చుని ఉండగానే నేను ఎవరి కోడలినీ కాకుండా పోయేదాన్ని.

ఆ తర్వాత ఆదివారం వచ్చిందంటే మాకు పండగే. టీ తాగడం, పోవడం, గుట్ట మీద కారు ఆపి కాసేపు గాలి పీల్చుకోవడం, తిరిగి వచ్చి శ్రీనుకు ఉప్మా చేసి పెట్టడం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. లారీ క్లీనర్లు తలుపు రేకు మీద అరచేత్తో కొట్టి డ్రైవరుకు దారి చెబుతారు. రెండు దెబ్బలు కొడితే పో అని. ఒక్కటి కొడితే ఆగు అని. మామకు క్లీనరు రోజుల నుంచి ఆ అలవాటు పోలేదు. ఎడమ సీట్లో కూర్చుని, అద్దం దించి, చెయ్యి బయట పెట్టి, తలుపు మీద కొట్టేవారు. అదీ కుడి మలుపుల్లోనే. మన కార్లలో డ్రైవరు కుడి పక్క ఉంటాడు కాబట్టి కుడికి తిరిగేటప్పుడు అవతలి దారి ఎడమ సీటు మనిషికే ముందు కనిపిస్తుంది. ఎడమ మలుపుల్లో ఆయన చెయ్యి కదిలేది కాదు. టక్ టక్ అంటే నేను మరో ఆలోచన లేకుండా రేసు ఇచ్చేదాన్ని. టక్ అని ఒక్కటే వస్తే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. ఆయన ఒక్కటి కొట్టిన ప్రతిసారీ అవతల ఏదో ఒకటి ఉండేది, ఎడ్లబండో, గేదెలో, నడిరోడ్డు మీద బండి ఆపి ఫోను మాట్లాడుకునే మహానుభావుడో.

పోయిన చలికాలం మామకు ఊపిరితిత్తులు చెడ్డాయి. చంద్రపూర్‌లో ఆసుపత్రిలో చేర్చాం. కొన్నాళ్ళే ఉన్నారు. చివరి రోజుల్లో మాట లేదు, ముక్కుకు ఆక్సిజన్. అక్కడ వింత ఏదీ జరగలేదు. అందరూ పోయినట్టే పోయారు.

నేను ఏడవలేదు. ఏడవకూడదని కాదు, రాలేదు. వచ్చిన చుట్టాల్లో ఒకావిడ "రాయి లెక్క కూసుంది చూడు" అన్నది నా చెవిన పడింది. నిజమే అనుకున్నాను. దినాలయ్యాక ల్యాబుకు పోయాను, నమూనాలు తూచాను. అన్నం తిన్నాను, రుచి తెలియలేదు. పంటి డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుందో నాకు మనిషంతా అలా ఉంది. గిల్లితే గిల్లినట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం ఉండదు.

ఒక ఆదివారం కారు తీశాను. దయ్యాలను నమ్మనని మొదటే చెప్పాను కదా. అయినా ఎడమ అద్దం పూర్తిగా దించి పెట్టాను. ఎందుకని నన్ను అడగకండి.

మొదటి కుడి మలుపు దగ్గర వేగం తగ్గించి చెవులు రిక్కించాను. ఏమీ లేదు. గాలి, ఇంజను, అంతే. రెండో మలుపు దగ్గరా అంతే. గుట్ట మీదికి పోయి కారు ఆపాను. అక్కడ నిలబడి, ఇంత మంచి రోడ్డు మీద నాకు ఏమీ అనిపించడం లేదేమిటి అనుకున్నాను. దిగి, ఎక్కి, ఒకే గేరులో ఇంటికి వచ్చాను.

చాలా ఆదివారాలు అలాగే పోయాను. నాకు కావలసింది ఒక్కటే, ఆ తలుపు మీద రెండు దెబ్బలు. అది రాకపోతే నా కాలు రేసు మీదికి పోవడం లేదు. చివరికి పోవడం మానేశాను. కారు షెడ్డులో దుమ్ము పట్టింది. ఎండాకాలంలో శ్రీను "ఊరికే పడుంది, అమ్మేద్దామా?" అని భయంభయంగా అడిగాడు. సరే అన్నాను. నేను కేకలేస్తానని అనుకున్నాడు పాపం. ఏ చీర కట్టుకోవాలని అడిగినా నేను అలాగే సరే అనేదాన్ని అప్పుడు.

కొన్నది కోర్పనా వైపు ఒక ఊరి రైతు, దేవ్‌రావు. తెలుగువాళ్ళే, తాతల నాటి నుంచి అక్కడే ఉన్నారు. బడి చదువంతా మరాఠీ, నన్ను కూడా అక్కా అనకుండా మరాఠీలో తాయీ అనేవాడు. నలభై దాటాక అప్పుడే డ్రైవింగు నేర్చుకున్నాడు. స్టీరింగును రెండు చేతులతో పాము మెడ పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. కారు గురించి చెప్పాల్సినవి చెప్పాను, బ్యాటరీ సంగతి, టైర్ల సంగతి. మామ సంగతి ఏమీ చెప్పలేదు. కొనే మనిషికి అవన్నీ ఎందుకు?

వానాకాలం పోయింది. దసరా అయ్యాక ఒక మధ్యాహ్నం ల్యాబులో ఉండగా దేవ్‌రావు ఫోను.

"తాయీ, గాడీ మంచిగనే ఉంది. గా ఎడమ దర్వాజ ఒక్కటే తక్లీఫ్ ఇస్తుంది. టక్ టక్ అంటది. మిస్త్రీ మొత్తం ఇప్పి చూసిండు, లోపట కాహీచ్ నహీ అన్నడు. మీ దగ్గర ఉన్నప్పుడు గిట్లనే అంటుండెనా?"

లేదన్నాను. ఏదో క్లిప్పు ఊడి ఉంటుంది, గుంతల్లో పడ్డప్పుడు కొట్టుకుంటుందేమో అన్నాను.

"గుంతలల్ల రాదు తాయీ. మలుపుల కాడనే వస్తది. గది గూడ కుడి మలుపులే."

కుడికి తిరిగితే కారు బరువు ఎడమకు పడుతుంది, వదులుగా ఉన్నదేదైనా ఎడమ తలుపుకే తగులుతుంది అని చెప్పాను. మంచి కారణమే. నేనూ దాన్ని నమ్మాను.

"మలుపు తిరిగినంక వస్తే గట్లనే అనుకుందుము. తిరగకముందే వస్తుంది గదా" అన్నాడు.

నా ముందు త్రాసు సున్నా చూపిస్తోంది. దాన్నే చూస్తూ, ఎన్ని దెబ్బలు వస్తాయని అడిగాను.

"రెండు. ఎప్పుడూ రెండే. మొన్న ఒక్కదినం ఒక్కటే వచ్చింది. నేను ఖయాల్ చెయ్యలే, పోయిన. అవతల నుంచి ట్రాక్టర్. పక్క అద్దం ఎగిరిపోయింది. నసీబ్ మంచిగుండి అద్దమే పోయింది. రేపు చంద్రపూర్ పోయి పాత సామాన్ల కబాడీల వేరే దర్వాజ తెస్త, ఈ పీడ పోతది."

తలుపు మార్చొద్దని చెప్పాను. గట్టిగానే చెప్పినట్టున్నాను, పక్క బల్ల దగ్గరి అమ్మాయి తలెత్తి చూసింది. ఆ తర్వాత చెప్పక తప్పలేదు. చెప్పకపోతే ఈసారి అద్దంతో పోదని భయం. "రెండు కొడితే పో. ఒకటి కొడితే ఆగు. ఎందుకని అడగకు" అన్నాను. ఆ సీట్లో ముందు ఎవరు కూర్చునేవారని అడిగాడు. మా మామ అని చెప్పాను. ఆదివారం నేను వస్తాను, నన్ను ఆ జివతి గుట్టల రోడ్డు మీద ఒకసారి తిప్పు అని అడిగాను.

ఒక్కసారి వింటే చాలు అనుకున్నాను. అంతకంటే ఏమీ కోరలేదు.

ఆదివారం పొద్దున గడ్‌చాందూర్ బస్టాండులో దిగేసరికి టమాట కారు నిలబడి ఉంది. కడిగి తెచ్చారు. దేవ్‌రావు భార్య లక్ష్మి కూడా వచ్చింది, వెనక సీట్లో కూర్చుంది. "ముంగట నేను కూసోను తాయీ, మీరే కూసోండ్రి" అంది. భయంగా చెప్పలేదు. పెద్దవాళ్ళ మంచం మీద మనం కూర్చోం కదా, అలా చెప్పింది.

నేను మామ సీట్లో కూర్చున్నాను. ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. అద్దం దించి, చెయ్యి బయటికి పెట్టి, అరచెయ్యి రేకు మీద ఆనించాను. ఎవరు కొట్టినా నా చేతికి తెలియాలి.

ఊళ్ళు దాటాం. పత్తి విచ్చుకుని ఉంది. మొదటి కుడి మలుపు వస్తుండగా ఊపిరి బిగబట్టాను. దేవ్‌రావు బ్రేకు నొక్కాడు, గేరు దించాడు, ఇంకా మలుపులోకి పోకముందే రేసు ఇచ్చాడు.

"విన్నరా?" అన్నాడు.

"రెండు" అంది వెనక నుంచి లక్ష్మి.

నాకేమీ వినిపించలేదు. అరచేతికి ఇంజను వణుకు తప్ప ఇంకేమీ తెలియలేదు. అతనివైపు చూశాను. ఎండాకాలంలో పాము మెడ పట్టుకున్న మనిషేనా ఇతను? మలుపుకు ముందు బ్రేకు, మలుపులో రేసు. కారు నేలకు అతుక్కుని తిరిగింది. ఎవరు నేర్పారని అడిగితే, ఎవరూ నేర్పలేదు, దెబ్బ వినబడ్డప్పుడు పోతుంటే అదే అలవాటైంది అన్నాడు. మూతి మీద నవ్వు. ఆ నవ్వు నాకు తెలుసు. అది ఈ రోడ్డు మీద నేను నవ్విన నవ్వే.

తర్వాతి మలుపు దగ్గర కూడా రెండు అన్నారు ఇద్దరూ. దాని తర్వాత కూడా. ప్రతిసారీ అవతల రోడ్డు ఖాళీ. ఎడమ సీట్లో ఉన్నది నేను, అవతలి దారి అందరికంటే ముందు కనిపించాల్సింది నాకు. నాకు కనిపించేలోపే అతను రేసు ఇస్తున్నాడు. నాకు ఇంజను వినిపిస్తోంది, గాలి వినిపిస్తోంది, చిటపటమనే కంకర వినిపిస్తోంది.

గుట్ట ఎక్కడానికి ముందు ఒక పెద్ద కుడి మలుపుంది. ఆ రోజు కంది చేను నిలువెత్తు పెరిగి ఉంది, అవతల ఏముందో ఏ సీట్లోంచీ కనిపించదు. అక్కడ దేవ్‌రావు ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. నేను ముందుకు పడబోతే బెల్టు పట్టేసింది.

"ఒక్కటే" అన్నాడు.

"అవు, ఒక్కటే" అంది లక్ష్మి.

నా అరచెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది. కారు నెమ్మదిగా మలుపు తిరిగింది. అవతల రోడ్డుకు అడ్డంగా సోయా ఆరబోసి ఉంది. మా వైపు కోతలయ్యాక అందరూ చేసే పనే, ఎలాగూ బండ్లు రావని. దాని మధ్యలో ఒక ముసలావిడ మాకు వీపు చేసి వంగి చేటతో చెరుగుతోంది. మేము వచ్చింది కూడా ఆవిడకు తెలియలేదు. గింజల మీద టైరు నిలవదు. ముందు వచ్చినట్టే వచ్చి ఉంటే ఎంత బ్రేకు తొక్కినా కారు ఆగేది కాదు.

ముగ్గురం దిగాం. ఇప్పుడు ఈ సంగతి విన్నవాళ్ళంతా భయం వేసిందా అని అడుగుతారు. భయం వేయలేదు. నాకు కుళ్ళొచ్చింది. మాటలతో చెప్పలేనంత కుళ్ళొచ్చింది. నా మామ. నా కారు. నా రోడ్డు. ముక్కూ మొహం తెలియని వాళ్ళకు మలుపు మలుపుకూ చెబుతాడా? అన్ని ఆదివారాలు అద్దం దించుకుని తిరిగాను, నాకు ఒక్క దెబ్బ కొట్టడా? తలుపు దగ్గర నిలబడి "నాకెందుకు కొట్టలేదు మామా?" అని అరిచాను. అరుస్తూనే రోడ్డు మీద కూలబడ్డాను. అప్పుడు ఏడుపొచ్చింది. చలికాలం నుంచి రానిదంతా వచ్చింది. చిన్నపిల్లలా, ముక్కు కారుతూ, ఆపుకోవడం చేతకాక ఏడ్చాను.

ముసలావిడ చేట పడేసి పరిగెత్తుకొచ్చింది. "దెబ్బ తాకిందా బిడ్డా? యాడ తాకింది?" అంటూ నా తలంతా తడిమి చూసింది. చెంబుతో నీళ్ళు తాగించింది. నన్ను బిడ్డా అని పిలిచి చాలా కాలమైంది ఎవరైనా. నీళ్ళు చల్లగా ఉన్నాయి. నీళ్ళకు రుచి ఉందని ఆ రోజే మళ్ళీ తెలిసింది.

దేవ్‌రావు ఏదో పగలగొట్టినవాడిలా దూరంగా నిలబడ్డాడు. తర్వాత దగ్గరికొచ్చి "గాడీ వాపస్ తీస్కోండ్రి తాయీ. మీది మీకే ఉండనీ" అన్నాడు. నిజంగానే అన్నాడు. వద్దన్నాను. నా చేతిలో అది ఉత్త కారే.

లక్ష్మి నా పక్కన కూర్చుని కొంగుతో నా మొహం తుడిచింది. "మీకు తొవ్వ ఎరుకనే గదా తాయీ. మాకు ఎరుక లేదు, గందుకే కావచ్చు" అంది. అదీ ఒక లెక్కే. ఒప్పుకోలేకపోయాను, కాదనలేకపోయాను.

ఆ తర్వాత చంద్రపూర్ పోయి చెవులు పరీక్ష చేయించుకున్నాను. బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. శ్రీను ఇప్పటికీ క్లిప్పే అంటాడు, కానీ తలుపు మార్చొద్దని దేవ్‌రావుకు ఫోను చేసి చెప్పింది తనే. దేవ్‌రావు జాగ్రత్త గల మనిషి, కోతల రోజులని తెలిసి ఆగి ఉండొచ్చు అని కూడా ఆలోచించాను. మరి మిగతా మలుపుల్లో ఆగలేదేం? లక్ష్మి మొగుడి మాటకు తాళం వేస్తోందా అనుకున్నాను. మొదటి మలుపు దగ్గర రెండు అని ముందుగా అన్నది ఆమే. ఏ లెక్క వేసినా ఎక్కడో ఒకచోట ఏదో మిగిలిపోతోంది. ల్యాబులో అయితే నమూనా పారేసి ఇంకోటి తెస్తాను. ఇక్కడ ఏం చేయాలో నాకు తెలియదు.

ఆ రోజు నన్ను మళ్ళీ గడ్‌చాందూర్ బస్టాండు దగ్గరే దింపారు. దిగి తలుపు వేశాను. దేవ్‌రావు కారు స్టార్టులోనే ఉంచి ముందుకు చూస్తూ కూర్చున్నాడు, పోనా వద్దా అన్నట్టు. వెనక నుంచి బస్సు హారను కొడుతోంది. ముందున్న రోడ్డు చూశాను, ఖాళీగానే ఉంది. అరచేత్తో తలుపు మీద రెండు కొట్టాను.

కారు కదిలి వెళ్ళిపోయింది. ఆ రెండూ ఎవరు కొట్టారనుకున్నాడో నేను ఇంతవరకూ దేవ్‌రావును అడగలేదు.